మొఖం తియ్యి తమ్మీ

ఫోన్ వచ్చినప్పుడు నేను తిరుమలగిరిలో ఒక ఫంక్షన్ హాల్లో పెండ్లి ఫొటోలు తీస్తున్నాను. తలంబ్రాలు జరుగుతున్నాయి. జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. భోజనాలప్పుడు బయటికొచ్చి తిరిగి చేస్తే హైదరాబాదు నుంచి ఒకామె మాట్లాడింది. కొత్త తరం ఫొటోగ్రాఫర్ల కోసం తాము నడిపే కార్యక్రమానికి నన్ను ఎంపిక చేశారట. ఏడాది పాటు నెలనెలా హైదరాబాదు వెళ్ళాలి. పేరున్న ఫొటోగ్రాఫర్ ఒకామె దగ్గరుండి పని చేయిస్తుంది. చివర్లో అందరి ఫొటోలూ కలిపి ప్రదర్శన పెడతారు. పక్కనే బ్యాండువాళ్ళు మంటకు డప్పులు కాపుకుంటూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆమె చెప్పినదాంట్లో సగం వినబడకపోయినా "సరే మేడం, సరే మేడం" అన్నాను.

అప్పటికి నేను రామన్నపేటలో ఒక స్టూడియోలో పని చేస్తున్నాను. మా ఊరు అక్కడికి దగ్గరే. మాది నేతపని చేసే ఇల్లు. బాపు మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది. చీర మీద రంగుల పూలు రావాలంటే ముందు నూలును ఒక మేకుల చట్రం మీద చేత్తో అటూ ఇటూ తిప్పి పరచాలి. అదే ఆసు. భుజం అరిగిపోయే పని. నాకు మగ్గం పట్టుబడలేదు. డిగ్రీ అయ్యాక స్టూడియోలో చేరి, పాస్‌పోర్టు ఫొటోలతో మొదలుపెట్టి పెండ్లిళ్ళ దాకా వచ్చాను. ఆ కార్యక్రమానికి నేను పంపినవన్నీ ఆల్బంలోకి ఎక్కని ఫొటోలు. పొయ్యి పొగకు కండ్లు తుడుచుకునే వంటమనిషి, కుర్చీల వరుస మీద పడి నిద్రపోతున్న బ్యాండువాళ్ళు, అప్పగింతలకు ముందు గదిలో ఒక్కతే కూర్చుని దండ బరువుకు మెడ వంచిన పెండ్లిపిల్ల. స్టూడియో నడిపే అన్న ఫోన్లో ప్రకటన చూసి, "పంపుర, పోయేదేమున్నది" అని వెంటపడితే పంపాను.

ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్క. నేను హాల్ నుంచే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి అక్క తన ఫోన్లో ఉన్న అందరికీ చెప్పేస్తోంది. "మా తమ్ముడు సెలెక్టయిండు. హైద్రాబాద్ల నేర్పుతరంట. ఆఁ, ఫొటోలే" అన్న గొంతు వాకిట్లోకి వినిపించింది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడు అందరు పిల్లల్లాగే నడిచింది, బడికీ పోయింది. మా ఊరి బోరింగు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల్లో చాలామందికి పళ్ళ మీద మరకలతో పోయింది. అక్కకు ఎముకల్లోకి దిగింది. ముందు మోకాళ్ళు లోపలికి వంగాయి, తర్వాత నడుము. నాకు ఊహ తెలిసేనాటికి ఆమె చేతుల మీద పాకుతూ గడప దాటేది. కొన్నేళ్ళకు అదీ పోయింది. ముప్పై దాటేసరికి మంచం మీద, వెనక బొంతల మూట ఆనుకుని, ఒక పక్కకు ఒరిగి ఉండేది. మెడ తిరగదు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడితేనే చూడగలదు. కుడిచెయ్యి మాత్రం బాగా ఆడేది. ఆ చేత్తో ఫోన్ పట్టుకుని ఊరూరా మాట్లాడేది, బాపు మగ్గానికి నూలు కండెలు కూడా చుట్టిపెట్టేది.

తెలంగాణ వచ్చాక మా ఊళ్ళో నల్లాల్లో కృష్ణా నీళ్ళు వచ్చాయి. మొదటిరోజు అమ్మ గ్లాసుతో పట్టుకొచ్చి తాగిస్తే అక్క ఒక గుక్క తాగి, "తియ్యగున్నయే" అంది.

మొదటి సమావేశంలో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు. పదిమంది లోపే ఉన్నాం. ఎక్కువమంది పెద్ద పట్నాలవాళ్ళు. మా వైపు నుంచి నేను, పాలమూరు నుంచి ఒకమ్మాయి. నేర్పించే మేడంకు యాభై దాటి ఉంటాయి. మెల్లగా, మర్యాదగా మాట్లాడేది. నా ఫొటోలు చాలాసేపు చూసింది, ఒక్కోదాని గురించీ అడిగింది. నేను తీసిన వాటి ముందు అప్పటిదాకా ఎవరూ అంతసేపు కూర్చోలేదు. చివరికి తలెత్తి నా వైపు చూసింది.

"నల్గొండలో ఎక్కడ? ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతమేనా?"

"అవును మేడం. మా అక్కకే ఉన్నది."

అక్క ఎలా ఉంటుంది, నడుస్తుందా, మాట్లాడుతుందా అని ఆమె అడిగింది. నేను చెప్పాను.

"మీరు ఏడాదంతా చేయాల్సిన పని మీ ఇంట్లోనే ఉంది. బయటివాళ్ళెవరూ అంత దగ్గరగా వెళ్ళలేరు. ఆలోచించండి" అంది.

టీ తాగేటప్పుడు పాలమూరు అమ్మాయి నా పక్కకు వచ్చింది. ఆమె తల్లిదండ్రులు ఎన్నో ఏళ్ళుగా పుణె వైపు కట్టడం పనులకు వలస పోతున్నవాళ్ళు. ఆమె అవ్వ దగ్గర పెరిగింది.

"నాకు గూడ గట్లనే చెప్పిన్రన్నా. మా అమ్మ ఇంటికొచ్చినప్పుడు నవ్వుకుంట దిగిన ఫొటోలు పంపిన. అవి మంచిగున్నయి గాని, తట్ట మోసేటివి గావాలె అంటున్నరు."

"మరేం జేస్తవ్?"

"ఏం జేస్త? పుణె పోయొస్త. ఆడ తట్ట మోసుకుంటనే ఉంటది గద" అని ఖాళీ కప్పు కింద పెట్టింది.

బస్సులో వస్తూ నేను ఆలోచించింది ఒక్కటే, అక్కకు ఎలా చెప్పాలి అని. మా ఇంట్లో ఫొటోల కథ నేను కెమెరా పట్టకముందే మొదలైంది.

అక్కకు పది పదకొండేళ్ళు వచ్చినప్పటి నుంచీ ఊళ్ళోకి కార్లు వచ్చేవి. పేపర్లవాళ్ళు, టీవీలవాళ్ళు, సంఘాలవాళ్ళు, ఒక్కోసారి తెల్లవాళ్ళు. సర్పంచో బడి సారో ముందు నడిచి నేరుగా మా వాకిట్లోకి తెచ్చేవారు. బాపు మగ్గం గుంటలోంచి లేచి, అక్కను ఎత్తుకుపోయి బోరింగు దగ్గర కూర్చోబెట్టేవాడు. వచ్చినవాళ్ళు ఆమె చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చేవారు. లంగా మోకాళ్ళ పైకి జరపమనేవారు. అమ్మ జరిపేది. అక్కకు కెమెరా చూస్తే నవ్వొచ్చేది, అందుకని ప్రతివాళ్ళూ "నవ్వకమ్మా" అని చెప్పాల్సి వచ్చేది. పోతూ పోతూ బిస్కెట్ పుడలు ఇచ్చేవారు. వాటికోసం నేను గోడ పక్కన కాచుకుని ఉండేవాణ్ణి. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. వాళ్ళు రాసినందుకే, చూపించినందుకే చివరికి నీళ్ళు వచ్చాయని మా ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. అక్కా ఒప్పుకునేది.

ఒకసారి రామన్నపేటలో ఏదో సభ జరిగింది. అక్కలాంటి వాళ్ళందర్నీ ఆటోల్లో తీసుకుపోయారు. వేదిక వెనక పెద్ద గుడ్డ మీద ఒక ఫొటో అచ్చువేసి కట్టారు. వంకర తిరిగిన రెండు కాళ్ళు, అంతే. అక్క దాన్ని చూస్తూ చూస్తూ, "అమ్మా, గా లంగా నాదే" అంది. మిగిలిన చీర ముక్కతో అమ్మ చేత్తో కుట్టిన లంగా. అంచు చూసి అమ్మ కూడా గుర్తుపట్టింది. నడుము పైన ఫొటోను కోసేశారు. ఇంటికొచ్చాక చాలా రోజులు అక్క కారు చప్పుడు వింటే తలుపు వెయ్యమనేది.

అందుకని మేడం చెప్పిన మాటను నేను ఏమీ కలపకుండా, ఏమీ తగ్గించకుండా మరునాడు పొద్దున అక్కకు చెప్పాను. అమ్మ ఆసు ఆపింది. లోపల మగ్గం చప్పుడు కూడా ఆగింది.

అక్క నన్ను ఎదురుగా రమ్మంది. "నువ్వు గూడనా తమ్మీ?"

"నువ్వొద్దంటె తియ్యనక్కా. వేరే ఏదన్న చేసుకుంట."

"ఏం చేసుకుంటవ్?"

నేను బండి తాళం తీసుకుని స్టూడియోకు బయల్దేరాను. ఒక వారం గడిచాక, పొద్దున బయల్దేరుతుంటే అక్క పిలిచింది.

"ఇగ చూడు. తియ్యి. గాని నేను చెప్పినట్టు తియ్యాలె. మొఖం తియ్యి తమ్మీ. ఉత్త మొఖం. గిన్నేండ్లల్ల ఒక్కడు తియ్యలే. నా ఒక్కదానిదే గాదు, అందరిది తియ్యి."

"అందరంటే ఎవరు?"

"దవాఖాన క్యాంపులకు నాతోని వచ్చినోళ్ళు లేరా? గా సభలల్ల నా పక్కపొంటి కూసున్నోళ్ళు. అందరి నంబర్లు నా తాన ఉన్నయి."

అలా మొదలైంది. అక్క మంచం మీద నుంచి ఫోన్లు చేసి ఒప్పించేది, నేను పెండ్లిళ్ళు లేని రోజుల్లో బండి మీద పోయేవాణ్ణి. రంగు సరిగా కుదరక మిగిలిపోయిన ఒక ముదురెరుపు చీరను బాపు ఇచ్చాడు. దాన్ని గోడకు కట్టి, దాని ముందు మనిషిని కూర్చోబెట్టి భుజాల దాకా తీసేవాణ్ణి. కూర్చోలేని వాళ్ళకు చీరను పరుపు మీద పరిచి, మంచం మీదికెక్కి పైనుంచి తీసేవాణ్ణి. ఎవరికి ఇష్టమైనట్టు వాళ్ళు తయారు కావాలనీ, తీసిన ప్రతి ఫొటో వాళ్ళకు చూపించి అడగాలనీ అక్క గట్టిగా చెప్పింది. ఒకామె పౌడరు రాసుకుని, చెవుల కమ్మలు అడిగి తెప్పించుకుంది. ఒక పెద్దాయన తలపాగా లేకుండా దిగనన్నాడు. అక్క ముఖం కూడా తీశాను. ఆమె బొట్టు పెద్దగా పెట్టించుకుంది.

మోత్కూర్ వైపు ఒక ఊళ్ళో నా వయసువాడే ఒకడు ఉండేవాడు. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం, తల్లీ అతనూ మాత్రమే. నేను వెళ్ళేసరికి తల్లి అతనికి గడ్డం గీస్తోంది. "మీసం ముట్టకే, మీసం ముట్టకే" అని అతను మంచం మీద నుంచి గొణుగుతున్నాడు. చొక్కా చేతులకు ఎక్కదు, అందుకని తల్లి వెనకవైపు కత్తిరించి ముందు నుంచి తొడిగింది. ఫొటో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"అన్నా, గీ మనిషికి ఎవలన్న పిల్లనిస్తరా?"

తల్లి నవ్వింది. అతను నవ్వలేదు. "నిజంగనే అడుగుతున్న" అన్నాడు.

"ఇస్తరు" అన్నాను. అతన్ని ఊరడించడానికి అనలేదు. ఆ ఫొటో చూస్తే నాకు అలాగే అనిపించింది.

ప్రింటు చేయించి తీసుకెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో టెంటు వేసి ఉంది. తెల్లవారుజామున ఊపిరి అందక పోయాడట. నేను తెచ్చిన ఫొటోను తల్లికి ఇస్తే, చుట్టాలు ఆమె చేతుల్లోంచి తీసుకుని శవపేటిక మీద పెట్టారు, పాస్టరు ప్రార్థన చేశాడు. అంతకుముందు అతనికి ఉన్న ఫొటో ఆధార్ కార్డులోది ఒక్కటే.

ఇంటికొచ్చి చెబితే అక్క కుడిచేత్తో ఫోన్ తీసి అతని నంబరు దగ్గర ఆగింది. "తీసెయ్యబుద్ది ఐతలేదు" అని పక్కన పెట్టింది. అదొక్కటే కాదు. ఆమె చేసిన ఫోన్లలో కొన్ని ఎవరూ ఎత్తేవారు కాదు. కొన్ని ఎత్తినవాళ్ళు, "ఆమె లేదమ్మా, పోయి ఏడాదయింది" అనేవారు. అక్క "అయ్యో, గట్లనా" అని తర్వాతి నంబరు నొక్కేది.

ఏడాది సగం గడిచాక మేడం ముందు ఆ ప్రింట్లు పరిచాను. ఆమె లేచి నిలబడి ఒక్కోటీ చూసింది. బాగున్నాయని మనసారా అంది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుంది.

"కానీ చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? వీళ్ళు ఎవరైనా కావచ్చు. ఇందులో ఆ నీళ్ళు ఎక్కడున్నాయి? ఆ బాధ ఎక్కడుంది?"

"వాళ్ళకు గిట్లనే కావాలె మేడం."

పాలమూరు అమ్మాయి మధ్యలో అందుకుంది. "ఎవరన్న కావచ్చు అనిపిస్తే మంచిదే గద మేడం."

మేడం కోప్పడలేదు. "ఒక్కటి. పూర్తి మనిషి కనబడే ఫొటో ఒక్కటి ఉండాలి. లేకపోతే ఈ ముఖాలు ఏం చెబుతున్నాయో ఎవరికీ అందదు. బలవంతం లేదు, మీ ఇష్టం" అంది. ఆమె చెప్పింది తప్పని నేను ఈ రోజుకూ గట్టిగా అనలేను.

అక్కకు చెబితే వెంటనే అంది. "నాదే తియ్యి. వాళ్ళవి ముట్టకు."

"వద్దక్కా."

"ఎందుకొద్దు? గిన్నేండ్లు వాళ్ళు తీసిన్రు. గిప్పుడు నేను తీపిచ్చుకుంటున్న. ఫరక్ ఉన్నది."

కొత్త చీర వద్దంది. రోజూ వేసుకునే నైటీలోనే, రోజూ ఉండే మంచం మీదే. కిటికీ తెరిపించింది. వెనక బొంతలు తీసేయమంది. తీసేస్తే ఆమె ఒంటి వంపు మొత్తం కనబడింది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నేను అప్పటిదాకా దాన్ని అలా నిండుగా చూడలేదు. ఎప్పుడూ దుప్పటి ఉండేది.

"అమ్మా, నైటీ జర మీదికి జరుపు" అంది అక్క.

అమ్మ గోడ దగ్గరే నిలబడిపోయింది. "నేను జరపనే. చిన్నప్పుడు జరిపింది సాలు" అని బయటికి వెళ్ళిపోయింది.

అక్క తనే కుడిచేత్తో బట్టను కొంచెం కొంచెంగా పైకి లాక్కుంది. మధ్యలో ఆయాసపడి ఆగింది. నేను సాయం చేయబోతే, "నువ్వు ఆడనే ఉండు" అంది. మొదట తీసినవన్నీ కదిలిపోయాయి. చూపించమంది, చూపించాను.

"పెండ్లిళ్ళల్ల గూడ గిట్లనే తీస్తవా? సక్కగ పట్టు. నా దిక్కు చూసి తియ్యి."

చూసి తీశాను. కాళ్ళూ నడుమూ ఒక దిక్కు, భుజాలు ఒక దిక్కు పోయిన ఆ ఒంటి మీద ఆమె ముఖం తిన్నగా నా వైపే ఉంది. అయిపోయిందన్నాక దుప్పటి కప్పమంది. అప్పుడు కూడా అమ్మ లోపలికి రాలేదు, బాపు వచ్చి కప్పాడు. ఆ పగలంతా అక్క నిద్రపోయింది.

ప్రదర్శనకు తనూ వస్తానంది. కానీ అప్పటికే నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తోంది. నల్గొండ దవాఖానలో డాక్టరు అంత దూరం వద్దన్నాడు. బాపు, నేను బస్సులో వెళ్ళాం. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

పెద్ద తెల్లటి హాలు. గోడ పొడవునా ముఖాలు వరుసగా పెట్టారు, చివర్లో అక్క పెద్ద ఫొటో. వచ్చినవాళ్ళు ముఖాల ముందు నుంచి నడిచిపోయి అక్కడ ఆగేవారు. ఆగి చాలాసేపు నిలబడేవారు. ఒకామె ఏడ్చింది. కొందరు వెనక్కి తిరిగి ముఖాల దగ్గరికి వచ్చారు, ఎక్కువమంది రాలేదు. పాలమూరు అమ్మాయి తన తట్టల ఫొటోల పక్కన తల్లి నవ్వే ఫొటో ఒకటి చిన్నది చేసి పెట్టుకుంది. మధ్యలో నా దగ్గరికి వచ్చి నిలబడింది.

బాపు ఒక మూల నిలబడి ఉంటే ఒక కాలేజీ పిల్ల వెళ్ళి అడిగింది, "అంకుల్, మీరు ఆ ఊరివాళ్ళేనా?"

"నేను గా పొల్ల తండ్రిని" అన్నాడు.

ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది. బాపు కూడా దండం పెట్టి బయటికి పోయాడు. నేను వెనకాలే వెళ్ళాను. మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏమన్న తింటవా బాపు?"

"నా చేతులతోనే ఎత్తుకపోయి బోరింగు కాడ కూసోవెట్టిన. ఎన్నిసార్లు కూసోవెట్టిన్నో" అన్నాడు.

"నీళ్ళొస్తయనే గద బాపు."

"ఆఁ. వచ్చినయి" అన్నాడు. తర్వాత, "ఇంటికి పోదాం పా" అన్నాడు.

అక్క మెలకువతో ఎదురుచూస్తోంది. ఎంతమంది వచ్చారు, హాలు ఎట్లుంది, ఏసీ ఉందా అని అన్నీ అడిగింది. చివరికి అసలు మాట అడిగింది.

"ఎవ్వల్ది ఎక్కువ చూసిన్రు?"

"నీది."

"మొఖమా, పెద్దదా?"

"పెద్దది."

"గట్లనే అయితదనుకున్న" అంది. "మరి మిగిలినోళ్ళకు ఏం చెప్పాలె? అడుగుతరు గద."

మరునాడు పొద్దున్నుంచీ ఫోన్లు చేసింది. ఆయాసానికి ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ ఒక్కొక్కరికీ చెప్పింది. "మా తమ్ముడు చెప్పిండు, నీ ఫొటో కాడ మస్తు సేపు నిలవడ్డరంట. నీ కమ్మలు మంచిగున్నయన్నరంట." పెద్దాయనకు తలపాగా గురించి చెప్పింది. మోత్కూర్ దగ్గరి తల్లికి కూడా ఫోన్ చేసి, "అందరు నీ కొడుకునే అడిగిన్రంట అత్తా" అంది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఆ వానాకాలంలో అక్క పోయింది. దవాఖానలో కొన్ని రోజులు ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చిన రెండో రోజు పొద్దున, అమ్మ జావ తాగిస్తుంటే, మింగడం ఆపేసింది. పాడె మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టడం కుదరలేదు. అమ్మ లోపలికి వెళ్ళి ఆ బొంతల మూటే తెచ్చి వీపు వెనక పెట్టింది. రాగలిగిన వాళ్ళు ఆటోల్లో వచ్చారు. దిగలేని వాళ్ళు ఆటోలోంచే చూశారు. పాలమూరు అమ్మాయి బస్సులు మారి వచ్చి, సాయంత్రం దాకా అమ్మ పక్కన కూర్చుంది.

కొన్ని నెలలకు కార్యక్రమంవాళ్ళు ఫోన్ చేశారు. అక్క పెద్ద ఫొటోను ఇంకో నగరంలో ప్రదర్శనకు పంపాలనుకుంటున్నారు, మీకు సమ్మతమేనా అని అడిగారు. బాపును అడిగాను. "అడుగుదామంటె ఆమె లేదాయె" అన్నాడు. అది కాకుండా ముఖాలన్నీ పంపండని వాళ్ళకు చెప్పాను. ముఖాలు మాత్రమే అయితే కష్టం అన్నారు. చివరికి ఏవీ పోలేదు. ప్రదర్శనలో పెట్టిన ముఖాలను నేను ఎవరి ఫొటో వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఇప్పుడు వాటిలో కొన్నింటికి దండలు ఉన్నాయి.

నేను ఇంకా పెండ్లిళ్ళు తీస్తున్నాను. పాలమూరు అమ్మాయికి ఒక పత్రికలో పని దొరికింది, అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం.

మొన్న ఎండాకాలం అమ్మకు భుజం లేవడం మానేసింది. మోకాళ్ళు కూడా పట్టేస్తున్నాయి. దవాఖానకు తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. చిన్న వయసు డాక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, మీది ఏ ఊరు, ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారు అని అడిగాడు. అమ్మ చెప్పింది. అతను ఇంక ఏమీ అడగకుండా మందులు రాయడం మొదలుపెట్టాడు.

"ఆసు పోయొచ్చునా సారూ?" అంది అమ్మ.

"ఎక్కువ పోయొద్దమ్మా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుంది. "మీ అక్క కంటె నయమే గదరా" అంది కాసేపటికి. అవునన్నాను.

ఇప్పుడు పొద్దున పూట కొంచెంసేపు ఆసు పోస్తుంది, భుజం పట్టేస్తే ఆపి, ఎడమ చేత్తో రుద్దుకుని, మళ్ళీ మొదలుపెడుతుంది. కండెలు బాపే చుట్టుకుంటున్నాడు.